ఊరి అడవిని, గడ్డి నేలను కాపాడుతూనే జనానికి తెరవడం ఎలా? ఉత్తర తెలంగాణ పల్లెలకు సమగ్ర మార్గదర్శి

ఒక జలపాతం రీల్స్‌లో వైరల్ అయిందంటే చాలు, రెండు వానాకాలాలు తిరిగేసరికి అక్కడికి సీసీ రోడ్డు, ఆర్చి, పార్కింగ్ టికెట్టు, మక్క కంకుల బండ్లు వచ్చేస్తాయి. ఇక్కడ ఎలుగుబంట్లు తిరిగేవి కదా, ఏమయ్యాయి అని ఆ తర్వాతెప్పుడో ఎవరో అడుగుతారు. ములుగు, భూపాలపల్లి, మంచిర్యాల, ఆసిఫాబాద్ జిల్లాల్లో ఈ వరస కొత్తేమీ కాదు. జనం ఎక్కడ తిరగాలో ముందు గీసి, మిగిలింది అడవికి వదిలేయడం వల్ల వచ్చే తంటా ఇది. నిజానికి ఎవరూ అడుగు పెట్టకూడని చోట్లు ముందు గీయాలి. తర్వాత మేతకు, ఆకుకు, పువ్వుకు చోటు చూడాలి. సందర్శకుల దారి ఆఖరున వేయాలి. ఈ మార్గదర్శి మొత్తం ఆ వరసలోనే సాగుతుంది.

వన సంరక్షణ సమితులు, సామూహిక అటవీ హక్కు పత్రం ఉన్న గ్రామసభలు, బీట్ ఆఫీసర్లు, ఊళ్లో ఎకో టూరిజం పెడదామని ఉత్సాహపడే యువకులు దీన్ని వాడుకోవచ్చు. పని మార్చి, ఏప్రిల్‌లో మొదలుపెట్టండి. అప్పుడు ఆకు రాలి అడవి లోపలిదాకా కనిపిస్తుంది.

మొదటి అడుగు: నేల ఎవరి లెక్కలో ఉందో తేల్చుకోండి

ఊరంతా ఫారెస్టు భూమి అనుకునేది ఒక్కోసారి రెవెన్యూ భూమి అవుతుంది. "మా బంచరాయి" (ఊరి ఉమ్మడి మేత నేల) అనుకునేది రిజర్వు ఫారెస్టు లోపల తేలుతుంది. తహసీల్ ఆఫీసులో గ్రామ నక్షా, సేత్వార్ (తొలి సర్వే నాటి భూమి రికార్డు), పాత పహాణీలు చూడండి. రేంజ్ ఆఫీసులో కంపార్ట్‌మెంట్ మ్యాపు (అడవిని విడదీసిన భాగాల పటం) అడగండి. రెండూ పక్కపక్కన పెట్టి సర్వే నంబర్లు కలిపి చూసుకోవాలి. మన దగ్గర రిజర్వు ఫారెస్టులు 1967 నాటి అటవీ చట్టం కింద ఉన్నాయి. ఆ చట్టంలో సెక్షన్ 4 నోటిఫికేషన్ అంటే ప్రకటన మొదలైందని, సెక్షన్ 15 అంటే అది ఖాయమైందని అర్థం. సెక్షన్ 4 దగ్గరే ఆగిన బ్లాకుల్లో హద్దుల తగాదాలు ఎక్కువ. అలాంటి చోట టికెట్ కౌంటర్ ఆలోచన పక్కన పెట్టి ముందు అటవీ, రెవెన్యూ శాఖల జాయింట్ సర్వే అడగండి.

నేల ఏ రకమో దాన్ని బట్టి ఎవరిని అడగాలో మారుతుంది. మామూలు రిజర్వు ఫారెస్టు అయితే అది డీఎఫ్ఓ (జిల్లా అటవీ అధికారి) ఆధ్వర్యంలోని వర్కింగ్ ప్లాన్, అంటే అటవీ నిర్వహణ ప్రణాళిక ప్రకారం నడుస్తుంది. ఏటూరునాగారం, పాకాల, ప్రాణహిత, శివ్వారం అభయారణ్యాలైతే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వస్తుంది. లోపలికి వెళ్లడానికి అనుమతి, నిప్పు పెట్టడంపై నిషేధం, ఆయుధాలపై నిషేధం అన్నీ అందులో ఉన్నాయి. 2022 సవరణ తర్వాత, షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ఉన్న అభయారణ్యాల మేనేజ్‌మెంట్ ప్లాన్‌ను గ్రామసభను సంప్రదించి తయారు చేయాలి. ఈ సంగతి చాలా గూడేలకు తెలియదు, అడిగే హక్కు మాత్రం ఉంది. కవ్వాల్ 2012 నుంచి టైగర్ రిజర్వు. దాని కోర్ ప్రాంతంలో టూరిజానికి వాడుకునే భాగం 20 శాతం దాటకూడదని జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

2006 అటవీ హక్కుల చట్టాన్ని మనవాళ్లు ఆర్‌ఓఎఫ్ఆర్ పట్టాల (పోడు భూముల హక్కు పత్రాల) చట్టంగానే చూస్తారు. అందులో సెక్షన్ 3(1)(ఐ) వేరే కథ. సంప్రదాయంగా కాపాడుకుంటూ వస్తున్న అడవిని రక్షించే, నిర్వహించే హక్కు గ్రామసభకు ఇస్తుంది. దానికి తీర్మానం చేసే సభలో ఊరి సభ్యుల్లో సగం మంది ఉండాలి, వచ్చినవాళ్లలో మూడో వంతైనా ఆడవాళ్లుండాలి. ఇదే చట్టంలో బడి, అంగన్‌వాడీ, మంచినీటి పైపు, రోడ్డు లాంటి 13 సౌకర్యాలకు హెక్టారు లోపు అటవీ భూమి ఇచ్చే వీలుంది. ఆ జాబితాలో టూరిజం లేదు. కమ్యూనిటీ హాలు పేరుతో కాటేజీ కట్టేద్దాం అనేవాళ్లు వస్తారు, వాళ్ల మాట వినకండి. అటవీ సంరక్షణ చట్టానికి 2023లో వచ్చిన సవరణ ప్రకారం ఎకో టూరిజం వసతులకు కేంద్రం అనుమతి నుంచి మినహాయింపు దొరకాలంటే అవి వర్కింగ్ ప్లాన్‌లోనో, వన్యప్రాణి మేనేజ్‌మెంట్ ప్లాన్‌లోనో ముందే రాసి ఉండాలి.

రెండో అడుగు: నడిచి, మూడు రంగుల పటం గీయండి

పటాన్ని ఆఫీసులో కూర్చుని గీయలేరు. తునికాకు కోసే ఆడవాళ్లు ఇద్దరు, గొర్ల కాపరి ఒకరు, ఊరి పెద్దమనిషి, బీట్ ఆఫీసర్ కలిసి హద్దు వెంట, వాగుల వెంట నడవాలి. ఫోన్‌లో జీపీఎస్ పాయింట్లు పెట్టుకుంటూ పోతే చాలు, ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. కాపరి లేకుండా మాత్రం బయల్దేరకండి. ఏ కుంటలో ఏ నెల దాకా నీళ్లుంటాయో, ఏ గుట్ట కింద ఎలుగు పడుకుంటుందో ఆయనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

ఎరుపు రంగు ముందు వేయండి. వాగులు పుట్టే చోట్లు, ఎలుగుబంట్ల గుహలు, ఎండాకాలంలో జంతువులు దిగే మడుగులు, వేల్పుల చోట్లు, గూళ్లున్న కొండచరియలు దీంట్లోకి వస్తాయి. ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవుల్లో పెద్దవాగు ఒడ్డున పాలరాపు గుట్ట ఉంది. పొడుగు ముక్కు రాబందులు గూళ్లు పెట్టిన చరియ అది. అలాంటి చోట వ్యూపాయింట్ కట్టాలన్న ఆలోచనే రాకూడదు. దూరం నుంచి దుర్భిణితో చూస్తే చాలు. భూపాలపల్లి జిల్లా పాండవుల గుట్టల్లో ఇంకో రకం చిక్కుంది. ఆదిమానవుల రంగు బొమ్మలున్న రాతి చరియలూ అక్కడే, రాక్ క్లైంబింగ్‌కు పనికొచ్చే బండలూ అక్కడే. చేతి చెమట, సుద్దపొడి, మేకులు ఆ బొమ్మలకు పడవు. అందుకే ఎక్కే బండలు వేరు, బొమ్మల చరియలు వేరు అని పటంలోనే విడదీయాలి.

పసుపు రంగు ఊరి బతుకుతెరువుది. తునికి, ఇప్ప, సారపప్పు, వెదురు, మేత దారులు అందులోకి వస్తాయి. ఆఖరున ఆకుపచ్చ, అంటే సందర్శకులది. అది అడవి అంచున, ఇప్పటికే ఉన్న బండ్ల బాట వెంటే ఉండాలి. లోపలికి కొత్త రోడ్డు వేశారంటే దాని మీద టూరిస్టు కంటే ముందు కలప బండి వెళుతుంది.

మూడో అడుగు: గడ్డి నేలను గడ్డి నేలగానే ఉంచండి

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే, కాబట్టి కొంచెం నిదానంగా చదవండి. 2015లో హరితహారం మొదలైనప్పటి నుంచి చెట్టు కనపడని చోటల్లా గుంత తవ్వడం అలవాటైంది. రోడ్డు పక్కన, చెరువు కట్ట మీద అది మంచి పనే. బంచరాయి మీద, గుట్ట నెత్తిన పలచటి చెలక మట్టి మీద అదే పని నష్టం చేస్తుంది. దుబ్బులుగా పెరిగే గడ్డి వేర్లు ఆ మట్టిని ఏళ్ల తరబడి పట్టి ఉంచుతాయి. జేసీబీతో కందకం తీస్తే ఆ పట్టు తెగుతుంది. తిరగేసిన మట్టిలో ముందు మొలిచేది వయ్యారిభామ కలుపు. నాటిన మొక్క రెండో ఎండాకాలానికి ఎండిపోతుంది. గడ్డి పోతుంది, చెట్టూ రాదు.

ఇది సహజమైన గడ్డి నేలా, నరికేసిన అడవా అని తేల్చుకోవడానికి నాలుగు పరీక్షలున్నాయి. గడ్డపారతో పొడవండి, అడుగు లోపే రాయి తగిలితే అది చెట్ల నేల కాకపోవచ్చు. సెప్టెంబరులో వెళ్లి గడ్డి దుబ్బును పీకి చూడండి, చేతికి రాకుండా మొండికేస్తే అది ఏళ్ల నాటి గడ్డి. నేల మీదే గుడ్లు పెట్టే పిట్టలు, అంటే తీతువు, కౌజు, పూరేడు, భరత పక్షి ఉన్నాయా చూడండి. నాలుగోది, మొద్దులు వెతకండి. టేకు, మోదుగ, తునికి మొద్దుల నుంచి చిగుళ్లు లేస్తుంటే అది నరికిన అడవి. మొదటి మూడింట్లో రెండు కుదిరి, మొద్దులు లేకపోతే అక్కడ గుంతలు వద్దని తీర్మానం చేయండి. మొద్దులు కనిపిస్తే కూడా కొత్త మొక్కలు నాటడం కంటే ఉన్న మొద్దును కాపాడటం చవక. ఒక్కో మొద్దుకు నిటారుగా ఉన్న ఒకటి రెండు పిలకలు ఉంచి మిగతావి కోసేసి, పశువులు రాకుండా చూస్తే నర్సరీ మొక్క కంటే తొందరగా చెట్టవుతుంది. కింద వేర్లు పాతవే కదా మరి.

మేత సంగతి గొల్ల కురుమలతో, తండావాళ్లతో కూర్చుని మాట్లాడాకే తేల్చండి. వాళ్లను అడగకుండా కట్టిన కంచె ఒక్క వానాకాలం కూడా నిలవదు. నేలను వాగు, బండ, బాట లాంటి గుర్తులతో మూడు భాగాలు చేయండి. ఏటా ఒక భాగాన్ని తొలకరి నుంచి అక్టోబరు చివరిదాకా మూసి ఉంచాలి, మరుసటి ఏడు ఇంకో భాగం. ఆ నాలుగైదు నెలల్లో గడ్డి కంకి వేసి విత్తనం రాలుస్తుంది. విత్తనం రాలాక నవంబరు, డిసెంబరుల్లో కొడవలితో కోసుకుని మోసుకెళ్లవచ్చు, పిడికెడు ఎత్తు దుబ్బు మాత్రం వదలాలి. అభయారణ్యంలో అయితే ఒక జాగ్రత్త ఉంది. అక్కడి నుంచి ఎండిన చెట్లు, గాలికి పడిన చెట్లతో పాటు గడ్డి తీయడాన్ని కూడా సుప్రీంకోర్టు 2000 ఫిబ్రవరి 14 నాటి ఉత్తర్వులో ఆపింది. కోసే ముందు డీఎఫ్ఓ దగ్గర రాతపూర్వకంగా తెలుసుకోండి.

గడ్డి పలచబడిన చోట మీ నేలలోదే విత్తనం నవంబరులో ఏరి దాచి, తొలకరికి మట్టిని పైపైన గీరి చల్లండి. స్టైలో చల్లమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. అది పాడి పశువులకు మంచి మేతే, పొలం గట్ల మీద వేసుకోవచ్చు. బయటి నుంచి వచ్చిన మొక్క కాబట్టి సహజ గడ్డి నేలలో నేనైతే వేయను.

ఈ నేలలో సందర్శకులకు ఏం పెట్టాలి అంటే దాదాపు ఏమీ వద్దు. పొద్దున నడక, పిట్టలను చూడటం, పాత బండ్ల బాట మీద సైకిలు, అంతే. నేల మీది గూళ్ల కాలం సుమారు మార్చి నుంచి జులై దాకా. అప్పుడు బాట దిగి నడవకూడదు, కుక్కలను వదలకూడదు. మన రాష్ట్ర పక్షి పాలపిట్టను దసరా రోజు చూడాలని ఊరంతా పొలిమేర దాటి వెళ్తుంది కదా, గడ్డి నేల గురించి చెప్పడానికి అంతకన్నా మంచి రోజు దొరకదు. ఆ రోజు పిట్టను బోనులో పెట్టి చూపించి డబ్బులు అడిగేవాళ్లను మాత్రం అటవీశాఖకు పట్టించండి. అది నేరం.

నాలుగో అడుగు: కలుపును వేరు తెలిసి తీయండి

లాంటానా, సర్కారు తుమ్మ, వయ్యారిభామ మూడూ మూడు రకాలు. మూడింటికీ ఒకే మందు పనిచేయదు. లాంటానాను నేల పైన నరికితే ఒక కొమ్మకు నాలుగు వస్తాయి. నేల మట్టానికి రెండు మూడు అంగుళాల కింద ప్రధాన వేరును కోసి, పొదను ఎత్తి తలకిందులుగా పెట్టి ఎండనివ్వాలి. ఈ పని వానలు మొదలైనప్పుడు, పూత కాయ రాకముందు చేయాలి. చుట్టూ మట్టిని తవ్వి పోయకూడదు, దాంతో లోపలి విత్తనాలన్నీ లేస్తాయి. పండ్లు తిన్న పిట్టలు వాలే పెద్ద చెట్ల కింద తర్వాతి రెండు మూడేళ్లు మొలకలు వస్తూనే ఉంటాయి, వాటిని చేత్తో పీకాలి. ఖాళీ అయిన జాగాలో అదే వానకు స్థానిక గడ్డి, వెదురు వేయకపోతే లాంటానా తిరిగొస్తుంది.

వయ్యారిభామను పూతకు ముందు, నేల తడిగా ఉన్నప్పుడు, చేతి తొడుగులు వేసుకుని వేరుతో పీకాలి. ఒంటికి దురద, కొందరికి ఆయాసం తెస్తుంది. సర్కారు తుమ్మకు వేరు మొదలు తవ్వి తీయడం తప్ప దారి లేదు. మొత్తం ఒకేసారి తీయకండి, ఊరికి వంటచెరకు అదే అయితే ఏటా కొంత తీస్తూ పోండి.

అయిదో అడుగు: నిప్పు కాలానికి ముందే నిప్పు పని

మన అడవుల్లో మంట దానంతటది పుట్టదు, మనిషే పెడతాడు. ఫిబ్రవరి నుంచి మే దాకా కాలం. ఇప్పపువ్వు కనిపించాలని చెట్టు కింద ఆకులు కాలుస్తారు. తునికి చిగురు బాగా రావాలని కొందరు పొదలకు నిప్పు పెడతారు. పోడు కోసం కాల్చింది దాటి పోతుంది. బీడీ ముక్క సంగతి సరే సరి. కాల్చేవాళ్లకు ఉపదేశం చేసి లాభం లేదు, వాళ్ల పని తేలిక చేసే ఉపాయం చూపాలి. ఇప్ప చెట్టు కింద ముందే ఊడ్చి, పాత చీరలు గానీ వలలు గానీ పరిస్తే మట్టి అంటని పువ్వు దొరుకుతుంది. అందులో నిప్పు పనే లేదు. ఇప్ప కోసం తెల్లవారుజామున ఎలుగుబంట్లు కూడా వస్తాయి, కాబట్టి వెలుతురు వచ్చాకే, గుంపుగా వెళ్లాలి. తునికాకు విషయంలో కొమ్మ కొట్టే కూలి సరిగ్గా ముట్టిందంటే నిప్పు అవసరం రాదు. కల్లం మొదలయ్యే ముందు కాంట్రాక్టర్‌తో జరిగే మాటల్లోనే ఈ షరతు పెట్టించండి.

ఫైర్ లైన్లు జనవరిలో మొదలై ఫిబ్రవరి సగానికి అయిపోవాలి. రోడ్డుకు రెండు వైపులా, కంపార్ట్‌మెంట్ హద్దుల వెంట, కనీసం మూడు మీటర్ల వెడల్పున ఆకులు, గడ్డి తీయాలి. తీసిన చెత్తను గాలి లేని పొద్దునపూట అటవీ సిబ్బంది దగ్గరుండి కాలుస్తారు. ఊరివాళ్లు సొంతంగా కాల్చకూడదు. టేకు ఆకు మార్చి దాకా రాలుతూనే ఉంటుంది కనుక ఒకసారి ఊడ్చిన లైను మార్చిలో మళ్లీ ఊడవాలి. చాలాచోట్ల లైన్లు కాగితం మీద ఉండి కూడా మంట దాటేది ఈ రెండో ఊడ్పు జరగకే.

ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఉపగ్రహాల నుంచి వచ్చే మంటల హెచ్చరికలను ఫోన్‌కు మెసేజ్‌గా పంపుతుంది. సమితిలో ఇద్దరైనా నంబరు నమోదు చేసుకోండి. మెసేజ్ చూపే మంట చుక్క ఉపగ్రహం చూసిన 375 మీటర్ల గడిలో ఎక్కడైనా కావచ్చు. చెప్పిన చోట మంట లేదని వెనక్కి రాకుండా చుట్టూ పొగ చూడాలి. ఆర్పేవాళ్లు నూలు బట్టలే వేసుకోవాలి, పాలిస్టర్ ఒంటికి కరిగి అంటుకుంటుంది. పచ్చి కొమ్మలతో మంటను వెనక నుంచి, పక్కల నుంచి కొట్టాలి, ముందుకు వెళ్లి ఎదురు నిలవకూడదు. గుట్ట మీదికి పాకే మంట మనిషి పరుగు కంటే వేగంగా వస్తుంది, కాబట్టి దాని పైవైపు ఎప్పుడూ ఉండకండి.

ఆరో అడుగు: నీళ్లు, ఉచ్చులు, పడిన చెట్లు

నీటి గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. ఎండాకాలం సాసర్ పిట్లలో, అంటే జంతువుల కోసం చేసిన నీటి గుంతల్లో ట్యాంకర్‌తో నీళ్లు పోస్తారు. గుంతకు ఒకవైపు ఏటవాలుగా ఉండాలి, లేకపోతే పిల్ల జంతువులు పడి లేవలేవు. వేటగాళ్లు మాటువేసేది, విషం కలిపేది కూడా అక్కడే, అందుకని రోజూ ఒకరు వెళ్లి చూడాలి. సందర్శకుల మంచె మాత్రం నీళ్ల పక్కన కట్టకండి.

ఉచ్చులు ఎక్కువగా పొలం, అడవి కలిసే అంచున పెడతారు. 11 కేవీ లైను మీదికి కొక్కెం వేసి నేల వెంట తీగ లాగడం మన జిల్లాల్లో పాత రోగం. దుప్పులు, అడవిపందులే కాదు, పులులూ, రాత్రి పొలానికి వెళ్లే రైతులూ ఆ తీగలకు చనిపోయారు. రాత్రిపూట ఒకే లైను మాటిమాటికి ట్రిప్ అవుతుంటే సబ్‌స్టేషన్ ఆపరేటర్ బీట్ ఆఫీసర్‌కు ఫోన్ చేసేలా ఏర్పాటు చేసుకోండి. దీనికి ఖర్చు ఒక ఫోన్ కాల్.

2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో సుడిగాలికి వేల చెట్లు వేర్లతో సహా పడిపోయాయి. అలాంటిది జరిగినప్పుడు కలప అమ్మేయాలి, వెంటనే మొక్కలు నాటాలి అని ఒత్తిడి వస్తుంది. అభయారణ్యంలో పై సుప్రీంకోర్టు ఉత్తర్వు దానికి అడ్డు. కోర్టు మాట పక్కన పెట్టినా, పడిన దుంగలు చెదలకు, బల్లులకు, పుట్టగొడుగులకు ఇల్లు. వాటి చాటున లేత మొక్కలకు పశువుల బెడద ఉండదు. రోడ్డుకు, కరెంటు లైనుకు అడ్డమైనవి తీసి, ఎండు కొమ్మలు కుప్పపడిన చోట నిప్పుకు అదనపు లైను వేసి, మిగతాది వదిలేయడం మేలు.

ఏడో అడుగు: రోజుకు ఎంతమంది? లెక్క వేసి చెప్పండి

"ఎంతమంది వస్తే అంత ఆదాయం" అని కాకుండా దారి ఎంతమందిని మోయగలదో ముందు కట్టాలి. ఉదాహరణకు రెండు కిలోమీటర్ల నడక బాట ఉందనుకుందాం. పొద్దున 6:30 నుంచి 10:30 దాకా తెరుస్తారు. ఒక జట్టులో 10 మంది, నడకకు గంటన్నర, అరగంటకో జట్టు. 10:30కి అందరూ బయటికి రావాలంటే ఆఖరి జట్టు 9 గంటలకల్లా బయల్దేరాలి. అంటే 6:30 నుంచి 9 దాకా ఆరు జట్లు, 60 మంది. ఇప్పుడు గైడ్లను లెక్కించండి. తిరిగొచ్చాక గైడుకు అరగంట విరామం కావాలి కదా, కాబట్టి ఒక్కొక్కరు రెండు గంటలకోసారే బయల్దేరగలరు. ముగ్గురే గైడ్లుంటే 8 గంటల జట్టుకు ఎవరూ ఉండరు, అయిదు జట్లు, 50 మందే. వాన పడి బాట బురదైతే సగం. ఈ అంకెను గేటు దగ్గర పెద్ద అక్షరాలతో రాయండి. పెద్దమనుషుల ఫోన్లు వస్తాయి, "సార్, గైడు లేడు" అనే జవాబుకు ఎవరూ తిరిగి మాట్లాడలేరు.

గైడ్లుగా గూడెం యువతనే పెట్టండి, వాళ్లలో ఆడపిల్లలు కూడా ఉండాలి. వాళ్లకు ఇంగ్లిష్ రాకపోయినా ఏం కాదు. నల్లమద్ది బెరడుకూ ఏగిస బెరడుకూ తేడా, పాము కరిస్తే ఏం చేయాలి అన్నవి తెలియాలి. కరిచిన చోట కోయకూడదు, తాడు బిగించకూడదు, కాలు కదలకుండా ఉంచి 108లో విషానికి విరుగుడు ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆ ఆసుపత్రి ఏదో, అక్కడ మందు ఉందో లేదో సీజన్ మొదట్లోనే కనుక్కుని పెట్టుకోండి.

చెత్తకు డిపాజిట్ పద్ధతి బాగా పనిచేస్తుంది. గేటు దగ్గర ప్రతి ప్లాస్టిక్ సీసాకు, చిప్స్ పొట్లానికి స్టిక్కర్ వేసి 20 రూపాయలు తీసుకోండి, తిరిగి చూపిస్తే ఇచ్చేయండి. మందు సీసాలకు మాత్రం డిపాజిట్ కాదు, అనుమతే వద్దు. డీజే, డ్రోన్, బర్త్‌డే బాణసంచా కూడా అంతే. వారానికి ఒక రోజు గేటు మూసి ఉంచండి, సోమవారం అయితే ఆదివారం చెత్త తీయడానికి వీలవుతుంది.

ఎనిమిదో అడుగు: వాగులు, జలపాతాలు

వాజేడు మండలం బొగత జలపాతానికి నీళ్లు ఛత్తీస్‌గఢ్ వైపు అడవుల నుంచి వస్తాయి. ఇక్కడ ఎండ కాస్తుండగానే వాగు ఉప్పొంగవచ్చు. 2023 జులైలో ముత్యాలధార జలపాతం చూడబోయిన పదుల మంది తిరుగుదారిలో వాగు పొంగి రాత్రి అడవిలోనే చిక్కుకుపోయారు. వాళ్లను ఎన్డీఆర్ఎఫ్ బృందాలు బయటికి తెచ్చాయి. దారి మధ్యలో వాగు దాటాల్సిన చోటు ఏదైనా వానాకాలంలో తెరవకూడదన్నదే నా అభిప్రాయం. నీళ్లు ఎక్కువున్నప్పుడే జలపాతం అందం అన్న వాదన గేటు దగ్గర చెల్లదు.

తెరిచే చోట దాటు దగ్గరి బండ మీద మూడు గీతలు వేయండి. మడమ లోతుకు పచ్చ, పిక్క లోతుకు పసుపు, మోకాలి లోతుకు ఎరుపు. పసుపు తాకితే కొత్తవాళ్లను ఆపాలి, లోపలున్నవాళ్లను వెనక్కి పిలవాలి. ఎరుపు తాకితే ఎవరూ దాటకూడదు, లోపలే ఎత్తు మీద ఆగాలి. అందుకే అవతలి ఒడ్డున ఒక రేకుల షెడ్డు, తాడు, మంచినీళ్లు, టార్చి ఉంచండి. పైఊరి మనిషి నంబరు గేటు గోడ మీద ఉండాలి. అక్కడ వాన మొదలవగానే ఆయన ఫోన్ చేయాలి.

తొమ్మిదో అడుగు: జాతర ఏడాది

మేడారం ఏటూరునాగారం అభయారణ్యం నడుమ ఉంది. రెండేళ్లకోసారి మాఘమాసంలో లక్షల మంది వచ్చి చెట్ల కింద బస చేసి, మూడు రాళ్ల పొయ్యి పెట్టి, కోడి కోసుకుని, వండుకుని తింటారు. అది వాళ్ల మొక్కు, దాన్ని ఆపాలనుకోవడం అవివేకం. నిప్పు కాలం మొదలయ్యేదీ అప్పుడే కాబట్టి రోడ్ల వెంట ఫైర్ లైన్లు ఆ ఏడాది జాతరకు ముందే పూర్తవ్వాలి. వంట జాగాలను ముందే చదును చేసి, అక్కడే కట్టెలు అమ్మే ఏర్పాటు ఉంటే చెట్ల కొమ్మలు విరగవు. బస విడిచేటప్పుడు పొయ్యి మీద నీళ్లు పోయించడానికి వరసకో వలంటీర్ కావాలి.

తిరుగువారం పండుగ అయ్యాక శుభ్రం చేసే పనిలో ముందు గాజు పెంకులు ఏరండి, తర్వాత ప్లాస్టిక్. గాజు నేలలో కూరుకుపోతే జంతువుల గిట్టలకు, వట్టి కాళ్లతో నడిచే గూడెం పిల్లలకు ఏళ్ల తరబడి గుచ్చుకుంటుంది. కోడి ఈకలు, పేగులు లోతు గుంతల్లో పూడ్చకపోతే కుక్కల మందలు చేరి, జనం వెళ్లిపోయాక దుప్పి పిల్లల మీద పడతాయి.

పదో అడుగు: డబ్బు, రిజిస్టర్, మూసే నిర్ణయం

టికెట్టు డబ్బు ఎవరి ఖాతాలో పడాలో గేటు తెరవకముందే రాసుకోండి. అధ్యక్షుడు, కార్యదర్శి, అటవీ సిబ్బంది, ఒక మహిళా సభ్యురాలు ఉన్న జట్టు లెక్క చూడాలి. గైడ్ల కూలి, ఫైర్ లైన్ల కూలి, కలుపు పని ఆ డబ్బుతోనే ముందు నడవాలి. రంగులు, విగ్రహాలు, ఆర్చి ఆ తర్వాతే. నన్నడిగితే ఆర్చి అసలు వద్దు.

ఏటా అక్టోబరులో, వెదురు బద్దలతో మీటరు పొడవు, మీటరు వెడల్పు చట్రం చేసి గడ్డి నేలలో 20 చోట్ల వేసి చూడండి. ఒక్కో చోట గడ్డి ఎంత, కలుపు ఎంత, వట్టి మట్టి ఎంత అని పదిలో వంతులుగా రాయాలి. ప్రతి ఏడూ అవే చోట్లు, అదే బండ మీద నిలబడి అదే దిక్కుకు ఒక ఫొటో. నడక బాట వెడల్పు కూడా అయిదు చోట్ల కొలవండి. బురద తప్పించుకోవడానికి జనం పక్కకు తొక్కుతున్నారంటే బాట వెడల్పవుతూ పోతుంది.

ఏ అంకె దాటితే ఏం చేయాలో గ్రామసభలో ముందే తీర్మానించి రాయండి. వట్టి మట్టి రెండేళ్లు వరసగా పెరిగితే ఆ భాగంలో మేతా, నడకా రెండూ ఒక వానాకాలం బంద్. ఒకే బాటలో ఉచ్చు రెండోసారి దొరికితే అక్కడ గస్తీ పెంచేదాకా సందర్శకులు బంద్. గేటు మూసే అధికారం బీట్ ఆఫీసర్‌కు, ఆ రోజు పనిలో ఉన్న గైడ్లలో పెద్దకు ఇద్దరికీ ఉండాలి. మూసిన కారణం, మళ్లీ తెరవడానికి ఏం జరగాలి అన్నది అదే రోజు రిజిస్టర్‌లో రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి.